అరవయ్యో ప్యాడు

శనివారం పొద్దున హేమంత్‌కుమార్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఎనిమిదికల్లా మెట్రో ఎక్కి పీణ్య వెళ్ళాలి. అక్కడి కుట్టు యూనిట్‌లో పేర్లు కుట్టించిన బ్యాడ్జీలు తీసుకోవాలి. రెండింటికల్లా కాడుగోడిలోని తన కొట్టుకు తిరిగి రావాలి. సాయంత్రం ఐదింటికి పన్నెండు రైడింగ్ జాకెట్లను చేతన్ చేతికి అప్పగించాలి. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు ఆ పన్నెండు మందితో పాటు తానూ బండెక్కి, ముళబాగిలు వెళ్ళి దోసె తినాలి.

ఆ చివరిదాని కోసమే మిగతావన్నీ. బండి తోలడం మీద ప్రేమతోనే అతను మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, గ్లవ్స్, హెల్మెట్లు, వాన కోట్లు అమ్ముతూ, ఆర్డరు మీద జాకెట్లు కుట్టించి ఇచ్చే ఈ కొట్టు పెట్టాడు. పెట్టిన రోజు నుంచీ బండి తోలడానికి తీరిక దొరకలేదు. శనాదివారాల్లో ఊరంతా బండ్లెక్కుతుంది, శనాదివారాల్లోనే కొట్టుకు గిరాకీ. మూడేళ్ళుగా అతను కౌంటరు వెనక నిలబడి ఏ దారిలో టీ బాగుంటుందో, ఏ మలుపులో కంకర ఉంటుందో వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు. వాళ్ళు విని, వెళ్ళి, తిరిగొచ్చి, కంకర ఇంకా అక్కడే ఉందని చెప్పేవారు. అతని బండి మాత్రం మెట్ల కింద కవరు కప్పుకుని ఉండేది. ఆ కవరు మీద పక్కింటి సావిత్రమ్మ ఎండుమిరపకాయలు ఆరబెట్టుకునేది. పోయిన వారమే ఆమెను బతిమాలి మిరపకాయలు తీయించి, బ్యాటరీ మార్పించాడు.

రైడర్ల క్లబ్బు పెద్ద చేతన్ ఆర్డరు ఇస్తూనే ఒక షరతు పెట్టాడు. "నువ్వూ రావాల బ్రో. వంట చేసినాయన తినకపోతే మాకు డౌట్ వస్తుంది గదా."

ఆ మాట అన్నప్పటి నుంచీ హేమంత్ రోజులు లెక్కపెడుతున్నాడు.

"అమ్మా, నేను పీణ్య పోయొస్తా. జాకెట్లకు వదులు దారాలుంటే కత్తిరించి, కొంచెం దుమ్ము దులిపి పెట్టు, చాలు."

"పోయిరాప్పా. ఇరవై రెండేండ్లు ఇదే పని గదా చేస్తి," అంది అక్కయమ్మ. ఆమె పీణ్య దగ్గర గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్లు సరిచూసే చెకర్‌గా పనిచేసింది. మడిచిన చొక్కా చేతికి రాగానే ఎక్కడ కుట్టు తప్పిందో చెప్పగలదు. ఆ ఓవర్‌టైమ్ కష్టంతోనే ఆ ఇంట్లో మొదటి ఇంజినీరు తయారయ్యాడు. "నీ కోటు గూడా ఆడ తగిలించి ఉండాది గదా, దాన్నీ చూస్తాలే."

"దాన్ని వదిలేయమ్మా, అది శాంపిలు."

"శాంపిలైతే మాత్రం మురికిగా ఉండాల్నా?"

ఇక్కడ ఒక పాత అబద్ధం గురించి చెప్పుకోవాలి. కొట్టు పెట్టకముందు ఒకనాడు హేమంత్ కోలారు రోడ్డులో నరసాపుర దగ్గర కుక్క అడ్డం రాగా పడ్డాడు. ఇరవై అడుగులు రోడ్డు మీద జారాడు. ఇప్పుడు కొట్టులో తగిలించి ఉన్న ఆ జాకెట్ ఎడమ మోచేయి చిరిగి, లోపలి ప్యాడు ఎటో ఎగిరిపోయింది. చెయ్యి మాత్రం కొద్దిగా బెణికి మిగిలింది. ప్రాణాలు కాపాడిన ఈ మెత్త నలుగురికీ అందాలన్న ఆలోచన అతనికి ఆ రోడ్డు మీదే పుట్టింది. ఇంటికొచ్చి మాత్రం ఆఫీసు మెట్ల మీద జారానన్నాడు. నిజం చెబితే అమ్మ బండి తాళంచెవిని బియ్యం డబ్బాలో దాచేస్తుందని భయం. తరవాత కొట్టులో మొదటి జాకెట్ వచ్చినప్పుడు ఆమె భుజం దగ్గర నొక్కి చూసి, "ఈ మెత్తలు దేనికప్పా?" అని అడిగింది. అవి పడేవాళ్ళ కోసం అంటే, ఎవరు పడ్డారన్న ప్రశ్న వస్తుంది. "షేపు కోసమమ్మా. కొత్త చొక్కా కాలర్లో అట్ట పెడతారు గదా, అట్లా," అన్నాడు.

అక్కయమ్మ ఊఁ అంది. ఆ ఊఁ ధర ఎంతో ఈ శనివారం మధ్యాహ్నం రెండింటికి తెలిసింది.

హేమంత్ బ్యాడ్జీల సంచితో వచ్చేసరికి పన్నెండు జాకెట్లూ కౌంటరు మీద కొత్త పెళ్ళికొడుకు చొక్కాల్లా మడతపెట్టి ఉన్నాయి. రైడింగ్ జాకెట్‌ను అలా మడవడం ఎవరి తరమూ కాదు.

"అమ్మా, ఇంత పల్చగా ఎట్లా మడిస్తివి?"

"లోపల ప్యాకింగంతా తీసేస్తి గదా."

"ప్యాకింగా?"

"షేపు కోసమంటివే, ఆ మెత్తలు. గిరాకీ చేతికిచ్చే ముందర అట్టలు, పిన్నులు, క్లిప్పులు అన్నీ తీసేయాల. మా ఫ్యాక్టరీలో ఒక గుండుసూది మిగిలిందంటే లాటు లాటే వాపసు వస్తాండె. నువ్వు పని తొందరలో మరిస్తివేమోలే అని నేనే తీస్తి. ఒక్కొక్క కోటుకు ఐదు. రెండు భుజాలకు, రెండు మోచేతులకు, వీపుకు ఒకటి. పన్నెండైదులు అరవై. ఒక్కటి గూడా విడిచిపెట్టలే."

"యాడ పెట్టినావు వాటిని?"

"పెట్టేదేంది? ఊరికే పారేసేదెందుకని అడిగినోళ్ళకు ఇస్తి."

ఆ ప్యాడ్లు చెన్నై నుంచి లెక్కకు సరిగ్గా తెప్పించినవి. కొట్టులో ఇంకొకటి లేదు, మళ్ళీ రావాలంటే పది రోజులు. ఆ క్షణంలో కూర్చుని అమ్మకు నిజం చెప్పేసి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. "ఊరికే అడిగినా," అని అతను వీధిలోకి పరుగెత్తాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ వీధిలో ప్రతివాళ్ళూ ఆ ప్యాడ్లను సరైన పనికే వాడారు, దెబ్బ తగలకుండా. ఇంటి ఓనరు మునినారాయణప్ప పన్నెండు వీపు ప్యాడ్లనూ నులక మంచం మీద వరసగా పరుచుకుని, ఎనిమిదేళ్ళ నడుంనొప్పి మర్చిపోయి గురకపెడుతున్నాడు. మెస్సు నడిపే సావిత్రమ్మ పదిహేడింటిని ఆటోలో సాంబారు డబ్బాలు దొర్లకుండా సందుల్లో కూరి, కట్టుబడి పనివాళ్ళకు భోజనం తీసుకుపోయింది. రెండిళ్ళవతల ఉండే నర్సు ప్రమీల ముప్పై తీసుకుంది. శనివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో ఆడవాళ్ళ ప్రార్థన. పదిహేను మంది, మనిషికి రెండు మోకాళ్ళు.

హేమంత్ మొదట అక్కడికే వెళ్ళాడు. గుమ్మంలో నిలబడేసరికి అందరూ కళ్ళు మూసుకుని, ప్యాడ్ల మీద మోకాళ్ళూని ఉన్నారు. ఆమెన్ వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు. ఆమెన్ తొందరగా రాలేదు.

"మా మోకాళ్ళ బాధ చూసి ఈ మెత్తలు పంపిన బిడ్డను దీవించు ప్రభువా," అంటోంది ప్రమీల. "అతని కొట్టును దీవించు. అతని చేతి పనిని వెయ్యింతలు చెయ్యి తండ్రీ."

తనకోసం అంత మొర పెట్టినవాళ్ళను ఆ మోకాళ్ళ కిందవి తీసివ్వండని ఎలా అడుగుతాడు? నిజం చెబితే సాయంత్రానికి అమ్మ చెవిన పడుతుంది. అందుకని రెండో అబద్ధం ఆడాడు.

"అక్కా, కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. ఆ మెత్తల్లో ఏదో కెమికల్ ఎక్కువైందంట. వాపసు పంపమంటున్నారు."

"ఏం కెమికల్ తమ్ముడూ? నేను నర్సునయ్యా, పేరు చెప్పు."

"పేరు ఇంకా తెలీదంటక్కా. కొంతమందికి... కొంచెం దురద వస్తుందంట."

ఆ మాట వినబడ్డ మరుక్షణం పదిహేనుమందికీ మోకాళ్ళు దురద పెట్టసాగాయి. ఇద్దరు స్నానాల గదికి పరుగెత్తారు. ఒకామె ఇందాకటి నుంచే తనకు అనుమానంగా ఉందని చెప్పింది. ప్రమీల ముప్పై ప్యాడ్లనూ పటకారుతో తీసి చెత్త సంచిలో వేసి మూతి కట్టింది. "వీటిని నువ్వు చేత్తో ముట్టుకోకు తమ్ముడూ," అని హెచ్చరించి, బాధ్యత గల మనిషి కనక, వీధి వాట్సాప్ గ్రూపులో అందరికీ ఒక వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది.

ఆ మెసేజ్ హేమంత్ కంటే ముందు మునినారాయణప్ప ఇంటికి చేరింది.

"ఏమప్పా, విషమంట గదా!" ముసలాయన మంచం మీద కొయ్యలా బిగుసుకుని ఉన్నాడు.

"విషం కాదంకుల్, ఉత్త దురద."

"నాకు దురద లేదే!"

"అయితే మంచిదే గదా."

"ఏం మంచిది? పన్నెండు మెత్తల మీద పండుకొన్నోడికి దురద లేదంటే ఏమర్థం? నరాలే చచ్చిపాయె! ఆటో పిలువు."

హేమంత్ ఆయన్ను ఆటోలో క్లినిక్‌కు తీసుకుపోయాడు. ప్యాడ్లు చూపించాలని ఆయన వాటినీ వెంట తెచ్చాడు. డాక్టరు నడుం నొక్కి, కాళ్ళెత్తించి, వంచి, ఎనిమిదేళ్ళలో ఇంత బాగా వంగడం ఇదే మొదటిసారన్నాడు. వెళ్ళేముందు ఆ పరుపు ఎక్కడ దొరుకుతుందని అడిగి కొట్టు అడ్రసు రాసుకున్నాడు.

"డాక్టర్‌కు గూడా తెలీని జబ్బు," అని మునినారాయణప్ప దారిపొడుగునా దిగులుపడ్డాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి సావిత్రమ్మ ఆటో కొట్టు ముందు అడ్డంగా ఆగి ఉంది. విషం, డబ్బాలు, సావిత్రమ్మ అన్న మూడు మాటలు వీధి చివరి నుంచి కట్టుబడి సైటు దాకా పోయి, అక్కడ ఒకే మాటగా చేరాయి.

"నా సాంబార్లో విషముండాదని ఎవురురా అనింది?" ఆమె చేతిలో గరిటె ఉంది. "పద్దెనిమిదేండ్లుగా పెడతాండా. ఒక్కడికి కడుపునొప్పి వచ్చిండ్లే! ఈ పొద్దు మేస్త్రీలు అన్నం ముందర పెట్టుకొని నన్నే ముందు తినమనిరి! నా సాంబారు నేనే మూడు గిన్నెలు తాగి చూపిస్తి!"

"అక్కా, సాంబారు గురించి కాదక్కా..."

"మళ్ళా దేని గురించి? అన్నమా?"

అప్పటికి ఐదయింది. చేతన్ వచ్చి బండి స్టాండు వేశాడు. కొట్టు ముందు పదిహేనుమంది ఆడవాళ్ళు మోకాళ్ళకు తెల్లటి మందు పూసుకుని మెట్ల మీద కూర్చున్నారు. ఒక ముసలాయన కుర్చీలో నిటారుగా ఉండి, తాను కదలలేనని అందరికీ చెబుతున్నాడు. గరిటె పట్టుకున్న ఆమె కొట్టు యజమానిని నిలదీస్తోంది. అతని తల్లి మాత్రం అందరికీ మజ్జిగ పోస్తోంది.

"బ్రో, ఏమిది సీను?" చేతన్ ఫోన్ ఎత్తి చూపించాడు. "జాకెట్లలో విషమంట, మా గ్రూపుకు ఎవరో ఫార్వర్డ్ చేసినారు. ఆరుమంది ఆల్రెడీ క్యాన్సిల్ అంటున్నారు. నిజం చెప్పు."

అతను ఇంగ్లీషులో ఏదైనా సర్దిచెప్పవచ్చు. అమ్మకు అర్థం కాదు. చదువు ఇలాంటి వాటికీ పనికొస్తుంది. కానీ మజ్జిగ చెంబు పట్టుకున్న అక్కయమ్మ కూడా చేతన్‌లాగే అతని మొహం చూస్తోంది. ఇన్ని అబద్ధాల్లో ఏది ఎవరికి చెప్పాడో అతనికే లెక్క తప్పింది. నిజమైతే ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి.

"విషం లేదు. దురద లేదు. కంపెనీవాళ్ళు ఫోన్ చెయ్యలేదు," అన్నాడు హేమంత్. "అవి బండి మీద నుంచి పడితే ఎముకలు విరగకుండా పెట్టే ప్యాడ్లు. షేపు కోసం కాదమ్మా. నేను నరసాపుర దగ్గర పడ్డా. ఆఫీసు మెట్లు కాదు, రోడ్డు. ఇవే నన్ను కాపాడినాయి. నువ్వు బండి మానుకోమంటావని చెప్పలేదు."

అక్కయమ్మ చెంబు కింద పెట్టింది.

"అంటే నేను ఈ మెత్తలు తీసేసి ఇచ్చింటే, ఈ పన్నెండుమంది బిడ్లు వట్టి గుడ్డ వేసుకొని పోయిండేవాళ్ళా?"

"అవునమ్మా."

ఆమె పై జాకెట్ తీసి, ఖాళీ మోచేయిని నొక్కి చూసింది. అరిచి ఉంటే బాగుండేదని అతనికనిపించింది.

మొదట తేరుకున్నది ప్రమీల. చెత్త సంచి మూతి విప్పింది. "దురద లేదంటే మరి నాకెందుకు దురద పుట్టింది?" అని ఒకామె అడిగినా ఎవరూ పట్టించుకోలేదు. మునినారాయణప్ప తనంతట తానే కుర్చీలోంచి లేచి, తాను లేచిన సంగతి గమనించుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. సావిత్రమ్మ పదిహేడు ప్యాడ్లనూ కొళాయి కింద కడిగింది. జిడ్డు పోయింది గానీ ఇంగువ వాసన పోలేదు.

తరవాతి రెండు గంటలూ ఆ కొట్టు చిన్న ఫ్యాక్టరీ అయింది. అక్కయమ్మ అందరినీ వరసగా కూర్చోబెట్టింది. భుజాలవాళ్ళు భుజాలే, మోచేతులవాళ్ళు మోచేతులే. పేర్ల బ్యాడ్జీలు హేమంత్, చివర్లో తాను. ప్రతి జాకెట్‌నూ ఐదుచోట్ల నొక్కి చూసి పక్కన పెట్టింది. పదకొండు సరిపోయాయి. పన్నెండోది చేతన్‌ది. దాని ఎడమ మోచేయి ఖాళీ.

"ముప్పై, పదిహేడు, పన్నెండు. యాభై తొమ్మిది," అన్నాడు హేమంత్. "ఒకటి తక్కువ."

ప్రమీల ఇల్లు వెతికారు. నులక మంచం ఎత్తి చూశారు. సావిత్రమ్మ సాంబారు డబ్బాల్లో గరిటె పెట్టి దేవింది. అక్కయమ్మ తల వంచుకుని, లేని దారాలేవో కత్తిరిస్తూ కూర్చుంది.

"ఒక్క మోచేయే గదా బ్రో, పర్లేదు. నేను రైట్ సైడే పడతాలే," అన్నాడు చేతన్.

"ఒక్కటి తగ్గినా నేనివ్వను," అన్నాడు హేమంత్. తను పడింది ఎడమ మోచేతి మీదేనని అతనికి గుర్తుంది. గోడకు తగిలించిన తన జాకెట్ కుడి చేతిలో చెయ్యిపెట్టి, అక్కడి ప్యాడు లాగి, చేతన్ జాకెట్‌లో పెట్టాడు. అరవై పూర్తయ్యాయి.

"మళ్ళా నీకు?" అంది అక్కయమ్మ.

"నాకు వద్దులేమ్మా, మెల్లగా పోతా."

"ఎడమది ఎప్పుడో పాయె. కుడిదిప్పుడు ఇచ్చేస్తివి. రెండు చేతులూ బోడిగా ఏసుకొని పోతావా? ఇవి దేనికో ఇప్పుడే గదా చెప్తివి నాకు? నువ్వు పోవద్దు."

అతను చేతన్ వైపు చూశాడు. చేతన్ నేల చూశాడు. ఎవరి అమ్మ మాటైనా బెంగళూరులో చెల్లుతుంది.

ఆదివారం ఐదున్నరకు పన్నెండు బండ్లు కొట్టు ముందు వరసగా ఆగాయి. హేమంత్ ఒక్కొక్కరి హెల్మెట్ పట్టీ బిగింపు సరిచూశాడు, హోస్కోటె దాటాక ఎడమ మలుపులో కంకర ఉంటుందని చెప్పాడు. వాళ్ళు తలూపి వెళ్ళిపోయారు. ఆ చప్పుడు రైలుగేటు దాకా వినిపించి ఆగింది. మూడేళ్ళుగా తాను అమ్ముతున్నది బండ్ల మీద పోయే వస్తువులనీ, తన బతుకు మాత్రం నిలబడి చెయ్యూపడమేననీ అతనికి చాలా స్పష్టంగా తోచింది. ఉద్యోగంలోనే ఉండి ఉంటే ఈ ఆదివారం తనది.

లోపలికొచ్చి, ఇక దాచేద్దామని తన జాకెట్ తీశాడు. ఎడమ మోచేయి బిగుసుగా తగిలింది. చిరుగు మీద నల్లటి గుడ్డతో మాసిక, మిషన్ కుట్టును మించిన సన్నటి చేతికుట్టు. దాని కింద గట్టిగా, మెత్తగా, అరవయ్యో ప్యాడు.

"అమ్మా!"

అక్కయమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది. "నిన్న పొద్దున్నే కుడితి. చిరిగిన చోట కింద దళసరిగా ఏదన్నా పెట్టకుంటే మాసిక నిలవదు."

"మరి నిన్న ఊరంతా వెతుకుతాంటే చెప్పలేదే?"

"చెప్పింటే నువ్వు పోతాంటివి."

అతను మాసిక కుట్టును వేలితో తడిమాడు.

"మూడేండ్లు నువ్వు చెప్పకపోతివి. ఒక్క రాత్రి నేను చెప్పకపోతి," అంది ఆమె, గ్లాసు అతని చేతికిస్తూ. "ఆఫీసు మెట్లంట! మేకుకు తగిలి చిరిగిన గుడ్డ ఒక తీరు, రోడ్డుకు రాసుకొని చిరిగిన గుడ్డ ఇంకొక తీరు. ఇరవై రెండేండ్లు గుడ్డ చూసినదాన్ని, నాకు తెలీదా? నువ్వే చెప్తావని చూస్తాంటి. చెప్పే మాదిరి కనపళ్ళే. పోనీలే, కాళ్ళూ చేతులూ బాగుండాయి గదా అని గమ్మునుంటి."

"తెలిసీ బండి మానుకోమనలేదేమ్మా?"

"నువ్వే మానుకొంటివి గదప్పా. కొట్టు పెట్టి."

అతను కాఫీ తాగేసరికి ఆమె కొంగు బిగించింది. "తియ్యి బండి. మెట్రో దగ్గరి దోసె గూడా దోసెనే."

ఆ జాకెట్ ఆమెకే తొడిగాడు. కొప్పు మీద హెల్మెట్ దిగక, కొప్పు విప్పి మళ్ళీ వేసుకోవలసి వచ్చింది. మూడేళ్ళ తరవాత హేమంత్‌కుమార్ చేసిన మొదటి రైడు రానూ పోనూ కిలోమీటరున్నర. వేగం ఇరవై దాటినప్పుడల్లా వీపు మీద అమ్మ చేతి దెబ్బ పడింది, అతని వీపుకు మాత్రం ప్యాడు లేదు. దోసె ముందు కూర్చున్నప్పుడు చేతన్ నుంచి ముళబాగిలు దోసె ఫోటో వచ్చింది. కింద ఒక మెసేజ్: జాకెట్ సూపర్ బ్రో, కానీ దారంతా ఎందుకో సాంబారు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చేసరికి కొట్టు ముందు ప్రమీల, ఇంకో నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. దురద లేదని తేలింది కనక, మోకాళ్ళకు కావాలట. మునినారాయణప్పకు నడుముకు కావాలట. డాక్టరు కూడా ఫోన్ చేశాడు.

ఇప్పుడు ఆ కొట్టులో హెల్మెట్ల పక్కనే మోకాలి మెత్తలు కూడా తగిలించి ఉంటాయి. అక్కయమ్మ ఐదుచోట్ల నొక్కి చూసి గానీ దేన్నీ బయటికి పోనివ్వదు. జాకెట్ల కంటే అవే ఎక్కువ పోతున్నాయి. శనాదివారాల్లో గిరాకీ ఇంకా పెరిగింది. బండి మెట్ల కిందే ఉంది, దాని మీద మిరపకాయలు ఉన్నాయి.

మెత్తలు కొన్నవాళ్ళలో ఇంతవరకూ ఒక్కరు కూడా బండి మీద నుంచి పడలేదు.